బోటెక్కేలోపు ఒక పూట

తెల్లవారుజామున మూడున్నర. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద ఇంకా చీకటే. మొదటి రైలుకు రెండు గంటలకు పైనే ఉంది. మైత్రీవనం ముందు కోర్సుల బోర్డులు మాత్రం వెలుగుతున్నాయి. ఛాయ్ బండి దగ్గర అయిదుగురు కుర్రాళ్లు వీపు సంచులు కింద పడేసి, ఎయిర్‌పోర్టు క్యాబు కోసం చూస్తున్నారు. ఒకడి సంచికి కొత్త స్నార్కెలింగ్ మాస్కు వేలాడుతోంది, ధర చీటీ కూడా తీయలేదు. ఇంకొకడు ఫోన్‌లో ట్రావెల్స్ వాళ్లు పంపిన కాగితం పెద్దది చేసి చదువుతున్నాడు.

‘‘ఫ్లైట్ దిగేది ఎనిమిదింటికి. హ్యావ్‌లాక్ బోటు రెండింటికి. నడుమ ఏం లేదేందిరా?’’

‘‘ఫ్రీ టైమ్ అని రాసిండు కద మామా. జెట్టీల కూసుందాం, ఫోన్‌లు చూసుకుందాం.’’

క్యాబు వచ్చింది. సంచులు డిక్కీలోకి, కుర్రాళ్లు సీట్లలోకి చేరారు.

చలికాలం మొదలైతే పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ట్రావెల్స్ ఆఫీసుల అద్దాల మీద నీలిరంగు సముద్రం బొమ్మలు ఎక్కుతాయి. దసరా నుంచి వేసవి సెలవుల దాకా అండమాన్‌కు సీజనే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. ఆకాశమార్గంలో దాదాపు 1,650 కిలోమీటర్లు, రెండున్నర గంటల లోపు ప్రయాణం. కొత్తగా పెళ్లయినవాళ్లు, సాఫ్ట్‌వేర్ బృందాలు, రిటైరైన దంపతులు... అందరూ అడిగేది ఒక్కటే: ‘‘హ్యావ్‌లాక్‌లో ఎన్ని రాత్రులు?’’ పోర్ట్‌బ్లెయిర్ గురించి అడిగేవాళ్లు అరుదు. అది విమానం దిగి బోటెక్కే చోటు, అంతే. 2024 సెప్టెంబరులో కేంద్రం దాని పేరును శ్రీ విజయపురంగా మార్చినా అక్కడి ఆటోవాళ్ల నోటా, ఇక్కడి ట్రావెల్స్ కాగితాల్లోనూ పాత పేరే నడుస్తోంది.

చాలామంది మరిచిపోతున్నదేమిటంటే, ఆ అయిదారు గంటలు గడిచే ఊరికి హైదరాబాద్‌తో నూట అరవై ఏళ్లకు పైబడిన సంబంధం ఉంది. తెలుగువాళ్లు వేల సంఖ్యలో కాపురమున్న ఊరది. హ్యావ్‌లాక్ దీవి ఇసుక తెల్లగా ఉంటుంది, నిజమే. అలాంటి తీరాలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్ లాంటి ఊరు ఇంకొకటి లేదు.

హైదరాబాద్ నుంచి వెళ్లిన ఆ మొదటి పేరు

పంజగుట్ట నుంచి కోఠి ఎంతో దూరం కాదు. అక్కడి మహిళా కళాశాల, ఇప్పుడు విశ్వవిద్యాలయం, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1857 జులై 17 సాయంత్రం వందలాది మంది ఆ భవనం మీదికి వెళ్లారు. ఔరంగాబాద్ వైపు సైన్యంలో తిరగబడి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదాఖాన్‌ను పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించారన్న కోపం వాళ్లది. ముందు నడిచినవాళ్లు ఇద్దరు. ఒకరు తుర్రేబాజ్ ఖాన్, రెండోవారు మౌల్వీ అల్లావుద్దీన్. ఫిరంగుల ముందు ఆ గుంపు రాత్రంతా నిలబడలేకపోయింది. తుర్రేబాజ్ ఖాన్ దొరికాడు, జైలు నుంచి తప్పించుకున్నాడు, చివరికి 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. కోఠిలో ఆయన పేరు మీద ఒక రోడ్డుంది.

మౌల్వీ అల్లావుద్దీన్‌కు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. 1859లో ఆయన్ను అండమాన్‌కు పంపారు. సెల్యులార్ జైలు అప్పటికి కాగితం మీద కూడా లేదు. 1858 మార్చిలో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే అధికారి రెండువందల మంది ఖైదీలతో దిగి అడవి నరికించడం మొదలుపెట్టాడు. అది జరిగిన మరుసటి ఏడాదే హైదరాబాద్ మౌల్వీ ఆ గట్టున కాలు పెట్టారు. గొలుసులు, జ్వరాలు, జలగలు, విల్లంబులతో ఎదురు తిరిగిన అండమానీయులు... ఇదీ అప్పటి ద్వీపం. ఆయన మళ్లీ చార్మినార్ చూడలేదు. అక్కడే కన్నుమూశారు.

హైదరాబాద్ నుంచి వెళ్లే విమానంలో కిటికీ పక్క సీటు కోసం పోటీ పడేవాళ్లకు ఈ పేరు తెలిస్తే ఆ ద్వీపం ఇంకోలా కనబడుతుంది. మన బడి పుస్తకాల్లో ఈయనకు రావాల్సినంత చోటు రాలేదన్నది ఈ కథనం అభిప్రాయం.

గడియ అందని గోడ

విమానాశ్రయం నుంచి సెల్యులార్ జైలు అయిదారు కిలోమీటర్లు. అక్కడి నుంచి హ్యావ్‌లాక్ బోట్లు కదిలే రేవులు కూడా దగ్గరే. సామాను క్యాబులో పెట్టి ఉదయం తొమ్మిదింటికల్లా గేటు దగ్గరికి చేరితే ఎండ ముదరకముందే జైలు చూడవచ్చు.

1896లో కట్టడం మొదలై 1906లో పూర్తయింది. నడుమ ఒక బురుజు, చుట్టూ ఏడు చేతుల్లా చాచిన మూడంతస్తుల భవనాలు. అందులో దాదాపు ఏడువందల గదులు. ఒక్కో గదిలో ఒక్కడే ఖైదీ. ఒక భవనం ముందు వైపు మరో భవనం వెనక గోడకు ఎదురుగా ఉంటుంది. కాబట్టి గదిలోని మనిషికి ఎదురు గదిలో మనిషి కనిపించే వీలే లేదు. ఏడింటిలో ఇప్పుడు మిగిలినవి మూడు.

జనం గబగబా ఉరికొయ్య గది వైపు, ఫొటోల వైపు నడిచిపోతుంటారు. ఒక్క గది ముందు ఆగి తలుపు గడియ చూడాలి. ఇనుప ఊచల తలుపు నుంచి పొడుగాటి గడియ బయటికి సాగి, పక్క గోడలో తొలిచిన గూటిలోకి పోయి పడుతుంది. లోపలి మనిషి ఊచల సందుల్లోంచి చెయ్యి ఎంత చాపినా ఆ గూడు అందదు. తాళం ఎక్కడుందో తెలుస్తుంది, వేలు తగలదు. గది వెడల్పు తొమ్మిది అడుగులు, పొడవు పద్నాలుగు అడుగుల చిల్లర. వెనక గోడకు నిలువెత్తు దాటిన చోట చిన్న వెంటిలేటరు. దానిలోంచి ఆకాశం ముక్క కనిపిస్తుంది, సముద్రం కనిపించదు. అలల చప్పుడు మాత్రం వస్తుంది.

ఇక్కడ ఖైదీలను గానుగకు కట్టి నూనె తీయించారు. రోజుకింత అని లెక్క. తగ్గితే దెబ్బలు. 1933లో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్షకు దిగితే బలవంతంగా గొంతులోకి పాలు పోశారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ఆ దీక్షలో చనిపోయారు. 1937లో మళ్లీ దీక్ష. గాంధీజీ, రవీంద్రనాథ్ ఠాగూర్ జోక్యం చేసుకున్నారు. దాని తర్వాతే రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తిరిగి పంపారు.

ఆ బ్యారక్‌లలో తెలుగు కూడా వినిపించింది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఇక్కడ ఉన్నారు. అంతకుముందు తరాల్లో రంప తిరుగుబాటులో పట్టుబడిన కొండవాళ్లలో కొందరిని అండమాన్‌కే తరలించారు. గోదావరి మన్యంలో పుట్టి, అడవి తప్ప ఇంకేదీ తెలియని మనిషిని ఓడలో ఎక్కించి నాలుగు వైపులా నీళ్లున్న చోట దింపడం ఎంత శిక్షో వేరే చెప్పక్కర్లేదు. అప్పట్లో మన పల్లెల్లో ‘కాలాపానీ’ అంటే మనిషి పోయినట్టే లెక్క.

బురుజు లోపల పాలరాతి ఫలకాల మీద ఖైదీల పేర్లు చెక్కి ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఓ పది నిమిషాలు అక్కడ నిలబడి చదివించాలి. 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

[ సూర్యుడు గంట ముందుంటాడు ]
*హైదరాబాద్ ఇంచుమించు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, పోర్ట్‌బ్లెయిర్ 92.7 మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే సూర్యుడు అక్కడ దాదాపు గంట ముందు నడుస్తాడు. గడియారం మాత్రం ఒక్కటే. అందుకే డిసెంబరులో సాయంత్రం అయిదింటికి అటూఇటుగా పొద్దు గూకిపోతుంది. అమీర్‌పేటలో ఆఫీసు టీ తాగే వేళకు అక్కడ దీపాలు పెట్టేస్తారు. పగటి బోట్లు తొందరగా ఆగిపోవడానికి కారణం ఇదే. ‘సాయంత్రం చూద్దాంలే’ అనుకున్నవి చాలావరకు అక్కడ చూడలేం. ఉదయమే మొదలుపెట్టాలి.*

పొద్దు మిగిలిందని కొండెక్కిన వైస్రాయ్

బోటుకు ముందు దొరికిన కాస్త సమయం ఒకసారి భారతదేశ చరిత్రనే కుదిపేసింది. 1872 ఫిబ్రవరి 8. వైస్రాయ్ లార్డ్ మేయో అండమాన్ శిక్షా స్థావరాన్ని తనిఖీ చేయడానికి వచ్చాడు. రోజంతా చూడాల్సినవి చూశాడు. ఇక ఓడకు తిరిగి వెళ్లిపోవచ్చు. ఇంకా వెలుతురుంది కదా, ఎదురుగా ఉన్న మౌంట్ హ్యారియట్ ఎక్కి సూర్యాస్తమయం చూసి వెళదామన్నాడు. చూశాడు, మెచ్చుకున్నాడు. దిగేసరికి చీకటి పడింది. కాగడాల వెలుగులో హోప్‌టౌన్ జెట్టీ మీద నడిచి, పడవలోకి దిగబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ వెనక నుంచి దూకి కత్తితో పొడిచాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ చరిత్రలో ఆయనొక్కడే. షేర్ అలీని మార్చిలో వైపర్ ద్వీపంలో ఉరి తీశారు.

ఆ కొండకు 2021లో మౌంట్ మణిపుర్ అని పేరు పెట్టారు. 1891 యుద్ధం తర్వాత మణిపుర్ రాజు కులచంద్రను, ఆయన మనుషులను నిర్బంధించింది అక్కడే కాబట్టి. కొండ మీది నుంచి నార్త్‌బే దీపస్తంభం, కొబ్బరి చెట్లు, నీలి నీళ్లు కనిపిస్తాయి. బీరువాలో ఎక్కడైనా పాత ఎర్రరంగు 20 రూపాయల నోటుంటే వెనక్కి తిప్పి చూడండి, అదే దృశ్యం. బోటు రెండింటికైతే ఈ కొండ జోలికి పోవద్దు, సమయం చాలదు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు మిగిలితే వెళ్లాలి.

ఉన్న గంటల్లో రాస్ ద్వీపం కుదురుతుంది. 2018 డిసెంబరు నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. అబర్దీన్ జెట్టీ నుంచి బోటులో పది, పదిహేను నిమిషాలు. దాదాపు ఎనభై ఏళ్లపాటు తెల్లదొరల రాజధాని ఇది. చర్చి, నృత్యశాల, బేకరీ, ఈతకొలను... అన్నీ కట్టుకున్నారు, ఎదురుగట్టున ఖైదీలు గానుగ తిప్పుతుంటే. 1941 జూన్‌లో పెద్ద భూకంపం, 1942 మార్చిలో జపాన్ సైన్యం. దొరలు వెళ్లిపోయారు. గోడలను మర్రి జాతి చెట్ల వేళ్లు పట్టుకున్నాయి. ఇప్పుడు కప్పులు లేవు, వేళ్లే గోడల్ని నిలబెడుతున్నాయి. చుట్టూ మచ్చల జింకలు తిరుగుతుంటాయి. నేతాజీ 1943 డిసెంబరు 30న జెండా ఎగరేసింది ఇక్కడ కాదు, పోర్ట్‌బ్లెయిర్‌లో.

ఛాతమ్ ద్వీపానికి వంతెన మీదుగానే పోవచ్చు, బోటు అక్కర్లేదు. అక్కడి ప్రభుత్వ కలప మిల్లు 1883 నాటిది. పడౌక్ ఎర్ర కలప వాసన, రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడిన గుంట, ఓ చిన్న మ్యూజియం. గంట చాలు.

జంగ్లీఘాట్‌లో ‘ఏ ఊరు బాబూ మీది?’

ఈ కథలో అన్నిటికన్నా దగ్గరి సంగతి ఇదే. అమీర్‌పేట నుంచి అంత దూరం వెళ్లి, బోటు కోసం కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లలో సొంత భాషవాళ్లున్నారని తెలియకుండా తిరిగి రావడం నష్టమే.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 3 లక్షల 80 వేల మంది ఉన్నారు. వారిలో ఇంచుమించు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అంటే యాభైవేల దాకా. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. వీళ్లలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్నాయి. అడవి పనికి, రేవు పనికి, రోడ్ల పనికి, చేపల వేటకు వెళ్లినవాళ్లు. ఒకరు వెళ్లి కుదురుకుంటే బావమరిదిని పిలవడం, ఆ బావమరిది ఊళ్లో ఇంకో ఇద్దరిని తీసుకుపోవడం... వలస అంతా ఇలాగే సాగింది. విమానం అందరికీ అందని రోజుల్లో వీళ్ల దారి విశాఖ రేవు నుంచి వెళ్లే ఓడ. దాదాపు 1,200 కిలోమీటర్లు, సముద్రం మీద రెండు రోజులకు పైనే. కొడుకు పెళ్లికి, తల్లి చావుకి కూడా ఓడ తేదీ చూసుకునే బయలుదేరాలి. ఆ ఓడ ప్రతిరోజూ ఉండేది కాదు. ఈ ఒక్క మాట మీద ఓ నవల రాయొచ్చు.

జంగ్లీఘాట్ పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల రేవు. పొద్దున్నే వెళితే పడవల దగ్గర వలలు దులిపేవాళ్ల మాటల్లో ఉత్తరాంధ్ర యాస స్పష్టంగా వినిపిస్తుంది. వంజరం, చందువ, సూర... చేపల పేర్లు భీమిలి ఒడ్డున విన్నట్టే ఉంటాయి. హిందీలో ధర అడిగినవాళ్లకు హిందీలోనే జవాబు వస్తుంది. దీవుల్లో అందరినీ కలిపే భాష అదే మరి. తెలుగులో అడిగితే మాత్రం ముందు ధర రాదు. ‘‘ఏ ఊరు బాబూ మీది?’’ అన్న ప్రశ్న వస్తుంది. హైదరాబాద్ అంటే, ‘‘మా తమ్ముడు కొడుకు అమీర్‌పేటలోనే కోచింగ్ తీసుకున్నాడు’’ లాంటి జవాబు వచ్చినా ఆశ్చర్యపోవద్దు. అక్కడి తరువాతి తరం చదువులకు, ఉద్యోగాలకు ప్రధాన భూభాగం వైపే చూస్తోంది.

తెలుగువాళ్ల బలం ఎంతో రాజకీయాల్లోనూ తేలింది. పోర్ట్‌బ్లెయిర్ మునిసిపల్ ఎన్నికల్లో 2022లో తెలుగుదేశం పార్టీ వార్డులు గెలిచింది. 2023 మార్చిలో ఆ పార్టీ సభ్యురాలే భాజపా మద్దతుతో మునిసిపల్ ఛైర్‌పర్సన్ అయ్యారు. తెలుగు రాష్ట్రాల బయట, అదీ బంగాళాఖాతం మధ్యలో!

మన పెద్దలకు ఈ దీవులు తెరమీద పరిచయమైంది 1979లో. అక్కినేని, వాణిశ్రీ నటించిన ‘అండమాన్ అమ్మాయి’ అప్పుడే వచ్చింది. ఆ సినిమా చూసిన తరానికి అండమాన్ అంటే అందని చోటు. వాళ్ల మనవళ్లకు వారాంతపు సెలవు.

మధ్యలో ఒక పెద్ద గాయం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ. కెరటం వచ్చి పోవడంతో అయిపోలేదు. భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కిందికి కుంగింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వెళ్లే దారిలో సిప్పీఘాట్ దగ్గర వరి పొలాలు ఉప్పునీళ్ల పాలయ్యాయి. సముద్రం వెనక్కి పోలేదు. సాగు చేసుకున్న రైతు ఆ నీళ్ల గట్టున నిలబడి తన పొలం సరిహద్దు వేలుపెట్టి చూపించాల్సిన పరిస్థితి.

బోటు మొత్తం మాట్లాడుకుంటే

టికెట్ కొని ఫెర్రీలో వెళ్లడం ఒక పద్ధతి. ఇప్పుడు అయిదారుగురు మిత్రులో, రెండు కుటుంబాలో కలిసి బోటు మొత్తం మాట్లాడుకోవడం పెరిగింది. గాలం వేసి పెద్ద చేపలు పట్టడానికి కొందరు, జనం లేని చోట పగడాలు చూడటానికి కొందరు. ఖర్చు తలా ఇంత అని పంచుకుంటారు. ఆనందమే. కానీ ఫెర్రీకి ఉండే తనిఖీ, లెక్క ఇలాంటి బోటు దగ్గర మన కళ్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఎక్కేలోపు దొరికే గంటను ఆ బోటును చూడటానికి వాడుకోవాలి.

ఈ మాట ఎందుకంటే, 2014 జనవరి 26న రాస్ నుంచి నార్త్‌బే వైపు వెళ్తున్న ఒక పర్యాటక బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కించుకోవాల్సిన వారికంటే చాలా ఎక్కువమందిని ఎక్కించుకుంది. ఎక్కువమంది తమిళనాడు నుంచి సెలవులకు వచ్చినవాళ్లు. మన గోదావరి కూడా ఇదే పాఠం చెప్పింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్లలో వరంగల్ ప్రాంతం నుంచి కలిసి బయలుదేరిన బంధుమిత్రులు ఉన్నారు. నదికి వరద ఉందని తెలిసీ బోటు కదిలింది.

నీళ్ల దగ్గర హైదరాబాద్ వాళ్ల అలవాటు లుంబినీ పార్కు బోటుతో మొదలవుతుంది. ఆ ట్యాంక్‌బండ్ నీళ్లకు కూడా జాలి లేదు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు ఒరిగి మనుషులు చనిపోయారు. రెండున్నరేళ్లకు పైగా విగ్రహం అడుగునే ఉండిపోయింది.

కాబట్టి చెరువైనా, నదైనా, సముద్రమైనా అడగాల్సినవి ఒక్కటే. ఈ బోటులో ఎంతమందికి అనుమతి ఉంది? అంతకుమించి ఎవరైనా ఎక్కుతున్నారా? ప్రతి మనిషికీ, పిల్లలకు వాళ్ల సైజులో, లైఫ్‌జాకెట్ ఉందా? అవి మూట కట్టి పైన పెట్టారా, చేతికి ఇస్తున్నారా? ఈ రోజు వాతావరణ హెచ్చరిక ఏమైనా ఉందా? అడిగితే సారంగు చిరాకు పడొచ్చు. పడనీయండి.

[ సంచిలో పెట్టుకోకూడనివి, మరచిపోకూడనివి ]
*ఒడ్డున దొరికిన పగడం ముక్క ఎండిపోయినదైనా తేవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు పులితో సమానమైన రక్షణ ఉంది, విమానాశ్రయం తనిఖీలో దొరికితే కేసవుతుంది. గవ్వలు, శంఖాలు కొంటే అనుమతి ఉన్న దుకాణంలోనే కొని రసీదు ఉంచుకోవాలి. జారవా ఆదిమ తెగవాళ్లుండే అడవి మీదుగా వెళ్లే రోడ్డుపై ఫొటోలు తీయడం నేరం. గుర్తింపు కార్డు అసలు ప్రతి లేకుండా రేవులోకి రానివ్వరు. ఫెర్రీకి కనీసం గంట ముందు చేరాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక నెట్ బాగుపడింది, అయినా చిన్న దీవుల్లో ఫోన్‌పే మీదే భారం వేయకుండా కొంత నగదు ఉంచుకోవాలి. స్కూబా డైవింగ్ చేస్తే ఆ వెంటనే విమానం ఎక్కకూడదు. కనీసం 18 గంటలు ఆగాలన్నది నిపుణులు చెప్పే మాట.*

బోటు రద్దయితే

ప్యాకేజీ కాగితాల్లో రాయని సంగతి ఒకటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఫెర్రీలు ఆగిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన కోస్తాను కొట్టే తుఫాన్లలో చాలావాటి పుట్టుక ఈ దీవుల చుట్టుపక్కలే. అప్పుడు అయిదు గంటలు కాస్తా రెండు రోజులవుతాయి. జెట్టీలో సంచుల మీద కూర్చుని ట్రావెల్స్ వాళ్లతో ఫోన్‌లో గొడవపడేవాళ్లు కనిపిస్తుంటారు. ఆ గొడవకు ఫలితం ఉండదు, ఓడను ఆపింది సముద్రం కాబట్టి. తెలిసినవాళ్లు మాత్రం అబర్దీన్ బజార్‌లో ఇడ్లీ తిని, సముద్రిక మ్యూజియంలో పగడాలు, ఆదిమ జాతుల మ్యూజియంలో ఓంగేల పడవ నమూనాలు చూసి, కార్బిన్స్ కోవ్ కొబ్బరి చెట్ల కింద సాయంత్రం గడుపుతారు. ప్రభుత్వ మ్యూజియాలకు సోమవారం సెలవు, అదొక్కటి చూసుకోవాలి. జైల్లో రాత్రి పూట ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. విమానం దిగిన రోజే బోటెక్కేవాళ్లకు ఆ రోజు అది దొరకదు.

అందుకే అమీర్‌పేటలోనో, పంజగుట్టలోనో అడ్వాన్సు కట్టే ముందే రెండు మాటలు అడగండి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి కలపమనండి. హ్యావ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గినా ఫర్వాలేదు. బోటు మొత్తం మాట్లాడుకుంటున్నట్టయితే, దాని అనుమతి పత్రం ముందే వాట్సాప్‌లో పంపమనండి. అది పంపనివాళ్ల బోటులో, జెట్టీ దగ్గర లైఫ్‌జాకెట్ చేతికివ్వని బోటులో, కట్టిన డబ్బు పోయినా సరే, పిల్లల్ని ఎక్కించకండి.